ఆర్ట్ హిస్టరీ డిగ్రీలో అసలు నేర్చుకునేదేమిటి? అది బయట దేనికి పనికొస్తుంది?

మీరు అడిగింది ఇది: ఆర్ట్ హిస్టరీలో సీటు వచ్చింది, చేరాలనే ఉంది, కానీ ఇంట్లోవాళ్ళు "బొమ్మలు చూడ్డానికి డిగ్రీ ఎందుకు" అంటున్నారు. అక్కడ నేర్పేదేమిటో, అది బయట దేనికి పనికొస్తుందో చెప్పమన్నారు. నేను ఈ సబ్జెక్టే చదివి, కొంతకాలం మ్యూజియంలో కేటలాగు పని చేసి, ఆ తర్వాత చాలాకాలం కాలేజీలో ఇదే పాఠం చెప్పాను. ఉద్యోగాల సంగతి చివర్లో దాచకుండా చెబుతాను. ముందు చదువు సంగతి.

మొదటి ఏడాది బట్టీ ఉంటుంది, లేదని చెప్పను. తెరమీద ఒక బొమ్మ పడుతుంది. ఎవరు గీశారు, ఎప్పుడు, దేనిమీద, ఇప్పుడు ఎక్కడుంది అన్నీ టకటకా రాయాలి. బయటివాళ్ళు ఆర్ట్ హిస్టరీ అంటే ఇదే అనుకుంటారు. ఇది అవసరమే, ఎందుకంటే కొన్ని వందల బొమ్మలు బుర్రలో లేకపోతే దేన్ని దేనితో పోల్చాలో తోచదు. అయినా ఇది పునాది మాత్రమే. ఈ వివరాలన్నీ ఫోన్‌లో దొరుకుతాయి, వీటికోసం ఎవరూ ఫీజు కట్టనక్కర్లేదు.

అసలు చదువు మొదటి వ్యాసంతో మొదలవుతుంది. ఏ పుస్తకమూ చదవకుండా, ఒక్క బొమ్మ ముందు కూర్చుని, కనిపించింది మాత్రమే రాయమంటారు. వినడానికి చాలా తేలిక. తీరా రాసేసరికి "చాలా ప్రశాంతంగా ఉంది", "గొప్ప భావం ఉట్టిపడుతోంది" లాంటి వాక్యాలే వస్తాయి. నేను వాటి పక్కన ఎర్ర ఇంకుతో ఒకటే ప్రశ్న రాసేవాణ్ణి: ఎక్కడ? ఆ ప్రశాంతత బొమ్మలో ఏ మూల ఉంది? గీతలన్నీ అడ్డంగా సాగుతున్నందుకా, రంగుల మధ్య తేడా తక్కువైనందుకా, మనుషులు ఎవరివైపూ చూడకపోవడం వల్లా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన రోజు నుంచి ఆ విద్యార్థి రాత మారిపోతుంది.

హార్వర్డ్‌లో జెనిఫర్ రాబర్ట్స్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థులను ఒక్క చిత్రం ముందు ఏకంగా మూడు గంటలు కూర్చోమంటారు. 1765లో కాప్లీ అనే అమెరికన్ చిత్రకారుడు గీసిన ఒక అబ్బాయి బొమ్మతో ఆమె స్వయంగా ఆ పని చేశారు. ఆ అబ్బాయి దగ్గర గొలుసుతో కట్టిన ఉడుత ఉంటుంది. అబ్బాయి చెవి ఆకారమూ, ఉడుత పొట్ట దగ్గరి బొచ్చు ఆకారమూ ఒకటేనని గమనించడానికి తనకే తొమ్మిది నిమిషాలు పట్టిందని రాశారు. కళ్ళెదుట ఉన్నది కనపడటానికి వృత్తిలో ఆరితేరినవాళ్ళకే అంత సమయం పట్టింది. మూడు గంటలు అతి అని విద్యార్థులు మొదట గొణుగుతారు. గంట దాటాక గొణుగుడు ఆగుతుంది.

ఇప్పుడొక బొమ్మ దగ్గరికి వెళ్దాం. తరగతిలో నేను ఎక్కువగా వాడినది ఇదే. లండన్ నేషనల్ గ్యాలరీలో యాన్ వాన్ ఐక్ గీసిన చిత్రం ఒకటుంది. 1434 నాటిది. ఓక్ చెక్కమీద తైలవర్ణం, ఎత్తు 82 సెంటీమీటర్లు. గదిలో ఒక మగవాడు, ఒక ఆడమనిషి. ఆమె చెయ్యి అతని అరచేతిలో ఉంది, అతని రెండో చెయ్యి పైకి లేచి ఉంది. కాళ్ళ దగ్గర చిన్న కుక్క. ఒక పక్క విడిచిన చెక్క చెప్పులు. కిటికీ దగ్గర నారింజలు. పట్టపగలే అయినా పైన వేలాడే దీపాల గుత్తిలో ఒక్క కొవ్వొత్తి వెలుగుతోంది. వెనక గోడకు ఉబ్బెత్తు అద్దం, అందులో ఈ ఇద్దరి వీపులూ, గుమ్మం దగ్గర ఇంకో ఇద్దరూ. అద్దం పైన గోడమీద, "యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు, 1434" అని లాటిన్‌లో రాసి ఉంది.

బొమ్మ పడగానే తరగతిలో సగం మంది "పెళ్ళి" అంటారు, మిగతా సగం "ఆవిడ గర్భిణి" అంటారు. రెండూ కనిపించేవి కావు, ఊహించినవి. కనిపిస్తున్నది బరువైన ఆకుపచ్చ గౌను, దాని కుచ్చెళ్ళను పొట్ట దగ్గరికి ఎత్తి పట్టుకున్న ఒక చెయ్యి. ఆ కాలపు ఫ్యాషనే అంత. ఇదే చిత్రకారుడు గీసిన సెయింట్ క్యాథరిన్ కన్య, అయినా ఆమె పొట్ట దగ్గరా దుస్తులు ఇలాగే ఉబ్బి ఉంటాయి.

పెళ్ళి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1934లో ఎర్విన్ పనోఫ్‌స్కీ అనే మహా పండితుడు, ఇది పెళ్ళికి సాక్ష్యంగా గీసిన చిత్రమని, అందులో ప్రతి వస్తువుకూ గూఢార్థం ఉందని వాదించాడు. కుక్క అంటే విశ్వాసం, ఒంటరి కొవ్వొత్తి అంటే అంతా చూసే దేవుడు, ఇలా సాగుతుంది ఆ వాదం. చాలా అందమైన వాదన, దశాబ్దాలపాటు అదే పాఠమైంది. తర్వాత పాత కాగితాల్లో, బొమ్మలోని వ్యక్తి అని అందరూ నమ్మిన అర్నోల్ఫినీ అనే ఇటాలియన్ వ్యాపారికి 1447లో పెళ్ళయినట్టు తేలింది. అప్పటికి బొమ్మ గీసి పదమూడేళ్ళు, గీసినవాడు చనిపోయి ఆరేళ్ళు. దాంతో ఇతను కాదు, ఇతని దాయాది అయ్యుండాలి అన్నారు. ఇన్‌ఫ్రారెడ్‌తో రంగు కింద ఉన్న గీతలు చూస్తే, కుక్కకు కింద స్కెచ్చే లేదు. అంటే అది గీస్తూ గీస్తూ మధ్యలో చేర్చినది. మొదటి నుంచీ ప్రతి వస్తువునూ గూఢార్థంతో పథకం వేసి పెట్టాడన్న వాదనకు ఇది కాస్త ఇబ్బంది. కాస్తే సుమా, మధ్యలో చేర్చినదానికి అర్థం ఉండకూడదని రూలేం లేదు. పెళ్ళా, నిశ్చితార్థమా, చనిపోయిన భార్య జ్ఞాపకార్థమా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

నన్నడిగితే ఈ చదువులో చేతికొచ్చే ప్రధానమైన నైపుణ్యం ఇక్కడే ఉంది: నాకు కనిపిస్తున్నది ఏది, నాకు ముందే తెలిసినది ఏది, ఈ రెంటినీ కలిపి నేను ఊహిస్తున్నది ఏది, ఈ మూడింటినీ విడదీసి రాయడం. ఎదుటివాడు నా మాట నమ్మనక్కర్లేదు, నేను చూసినదాన్ని తనూ చూసి సరిచూసుకోగలగాలి. మిగతా నైపుణ్యాలన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే. ఆఫీసు రిపోర్టులో అయినా, కోర్టు కాగితంలో అయినా, రోగి కేసు షీటులో అయినా జనం తడబడేది ఈ మూడింటినీ కలిపేసినప్పుడే.

కేసు షీటు అని ఊరికే అనలేదు. యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవ్యాధుల ప్రొఫెసర్ ఒకాయన, మ్యూజియం విద్యావిభాగంలో పనిచేసే ఒకామె కలిసి మెడికల్ విద్యార్థులను పెయింటింగుల ముందు నిలబెట్టి, కనిపించినదంతా వివరించమన్నారు. ఆ తర్వాత రోగుల ఫోటోలు చూపిస్తే, ఈ శిక్షణ తీసుకున్నవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువ వివరాలు పట్టుకున్నారు. ఆ ఫలితాలు 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. ఆ తర్వాత చాలా మెడికల్ కాలేజీలు ఇలాంటి క్లాసులు పెట్టుకున్నాయి. దీన్నిబట్టి ఆర్ట్ హిస్టరీ చదివితే డాక్టరంత అవుతారని కాదు. చూపు అనేది శిక్షణతో పదును తేలే విషయమని మాత్రం తెలుస్తోంది.

రెండోది పోల్చడం. హైన్రిష్ వోల్ఫ్లిన్ అనే పాతతరం ఆర్ట్ హిస్టారియన్ కాలం నుంచి ఆర్ట్ హిస్టరీ క్లాసులో రెండు స్లైడ్లు పక్కపక్కన వేసి చూపించడం అలవాటైంది. ఒక్క బొమ్మే చూస్తే "బాగుంది" దగ్గర ఆగిపోతాం. పక్కన ఇంకోటి పెడితే "దీంట్లో ఉన్నది దాంట్లో ఎందుకు లేదు" అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ రెండు బొమ్మలున్న ఒకే రాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల్లో రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో చెక్కిన వైపున బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, మొక్కుతున్న మనుషులు. బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత అదే రాతిని తిప్పి, వెనక వైపున కిక్కిరిసిన అలంకారంతో స్తూపాన్ని చెక్కారు.

"నమ్మకాలు మారాయి కాబట్టి తిప్పేశారు" అని విద్యార్థులు వెంటనే అనేస్తారు. ఆగండి. స్తూపాన్ని పెద్ద ఎత్తున బాగుచేసినప్పుడు ఉన్న రాయినే వాడుకున్నారేమో? దానం ఇచ్చినవాళ్ళకు కొత్త పద్ధతి పని కావాల్సి వచ్చిందేమో? కొత్త పలకకన్నా పాతది తిప్పడం సులువైందేమో? ఒక్కో కారణాన్ని నిలబెట్టే ఆధారం ఏమిటి, పడగొట్టే ఆధారం ఏమిటి అని రాసుకుంటూ పోవాలి. అలా రాసుకున్నాక చాలామంది తమ మొదటి మాటను తామే కొట్టేస్తారు, లేదా "బహుశా" చేర్చుకుంటారు. ఆ "బహుశా" ఎక్కడ పెట్టాలో తెలియడానికి డిగ్రీ మొత్తం పడుతుంది. అన్నిచోట్లా పెట్టేవాళ్ళ రాత చదవలేం. ఎక్కడా పెట్టనివాళ్ళ రాత నమ్మలేం.

కాగితాల పని గురించి బయట ఎవరికీ పెద్దగా తెలియదు. ఆర్ట్ హిస్టారియన్ రోజులో సగం బొమ్మల ముందు కాదు, ఒప్పందాలు, వీలునామాలు, వేలం కేటలాగులు, ఉత్తరాల ముందు గడుస్తుంది. 1485లో ఫ్లారెన్స్‌లో ఘిర్లాందాయో అనే చిత్రకారుడు ఒక అనాథాశ్రమానికి బొమ్మ గీసిపెట్టడానికి రాసుకున్న ఒప్పందం ఇప్పటికీ ఉంది. నీలిరంగు ఔన్సు సుమారు నాలుగు ఫ్లోరిన్ల (అప్పటి బంగారు నాణేల) ఖరీదుదై ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ నీలం లాపిస్ లజులి రాయిని నూరి చేసేది, ఆ రాయి అఫ్ఘానిస్తాన్ వైపు నుంచి రావాలి. అది చదివాక ఆ బొమ్మలో మేరీమాత పైట నీలం మరోలా కనిపిస్తుంది. అందులో భక్తీ ఉంది, బిల్లూ ఉంది. కళ అంటే ఒంటరి మేధావి ఆవేశం అన్న సినిమా ఊహ అక్కడితో పోతుంది. డబ్బు ఎవరిది, షరతులు ఎవరివి, గడువు ఎంత అని అడగడం అలవాటవుతుంది.

ఈ అలవాటు ఎంత దూరం వెళ్తుందో చూడండి. 2008లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 50 లక్షల డాలర్లు పోసి ఒక చోళుల కాలపు కంచు నటరాజ విగ్రహం కొన్నది. ఎప్పుడో పాతరోజుల్లోనే చట్టబద్ధంగా దేశం దాటిందని చెప్పే కాగితాలు దానితోపాటు ఉన్నాయి. కానీ పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దేవాలయాల విగ్రహాలను ఫోటోలు తీసి భద్రపరిచారు. కాగితాల ప్రకారం విగ్రహం దేశంలోనే లేని కాలంలో, అది తమిళనాడులోని శ్రీపురందాన్ గుడికి చెందినదిగా ఆ ఫోటోల్లో ఉంది. పోతపోసిన కంచులో ఏ రెండు విగ్రహాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. జ్వాలల వరసా, అరుగుదలా పోల్చి చూడటానికి కావలసింది పదునైన కన్ను, ఓపిక, పాత ఫోటోలు వెతికే తెలివి. 2014లో విగ్రహం వెనక్కి వచ్చింది. వస్తువు ఎవరి చేతులు మారి ఇక్కడికి వచ్చిందో తేల్చే ఈ పనిని ప్రొవెనెన్స్ పరిశోధన అంటారు. ఇప్పుడు మ్యూజియాలకూ, వేలం సంస్థలకూ, బీమా కంపెనీలకూ, లాయర్లకూ ఇది తెలిసినవాళ్ళు కావాలి.

పెద్దవాళ్ళ మాటను కూడా పరీక్షించడం ఇంకోటి. 1937లో అబ్రహాం బ్రెడియస్ అనే ప్రముఖ నిపుణుడు, పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన, అంతవరకూ ఎవరికీ తెలియని అద్భుతమైన చిత్రం దొరికిందని ప్రకటించాడు. రోటర్‌డామ్ మ్యూజియం దాన్ని కొన్నది. నిజానికి దాన్ని గీసింది హాన్ వాన్ మేగెరెన్, అప్పటికి ఇంకా బతికే ఉన్న చిత్రకారుడు. రంగు త్వరగా గట్టిపడటానికి బేకలైట్ అనే ప్లాస్టిక్ పదార్థం కలిపి కాల్చాడు. యుద్ధం తర్వాత, నాజీ నాయకుడు గోరింగ్‌కు వెర్మీర్ చిత్రం అమ్మి దేశద్రోహం చేశాడని అతన్ని పట్టుకుంటే, "అది వెర్మీర్ కాదు, నేనే గీశాను" అని చెప్పుకున్నాడు. నమ్మకపోతే కాపలా మధ్య ఇంకొకటి గీసి చూపించాడు. ఇప్పుడు ఆ నకిలీలు చూస్తే ఇంతమంది ఎలా మోసపోయారా అనిపిస్తుంది, మొహాలు 1930ల సినిమా మొహాల్లా ఉంటాయి. మోసపోవడానికి కారణం కళ్ళు కాదు, కోరిక. వెర్మీర్ తొలినాళ్ళలో మతసంబంధమైన చిత్రాలు ఇంకా గీసి ఉంటాడని నిపుణులు ఎదురుచూస్తున్నారు. వాన్ మేగెరెన్ వాళ్ళకు కావలసినదే గీసిచ్చాడు. మనకు బాగా నచ్చిన రుజువునే ఎక్కువ అనుమానించాలని విద్యార్థులకు చెప్పడానికి దీన్ని మించిన కేసు లేదు.

ప్రశ్ననే ప్రశ్నించడం కూడా వస్తుంది. గొప్ప మహిళా చిత్రకారులు ఎందుకు లేరు అన్నదానికి ఆర్ట్ హిస్టారియన్ లిండా నాక్లిన్ 1971లో రాసిన వ్యాసం ఇప్పటికీ ప్రతి కాలేజీలో చదివిస్తారు. పేర్ల జాబితా ఇచ్చి ఊరుకోకుండా, శిక్షణ ఎవరికి దొరికిందని ఆమె అడిగారు. నగ్న మోడల్‌ను చూసి గీయడం అకాడమీ చదువుకు ప్రాణం, ఆడవాళ్ళను ఆ గదిలోకి చాలాకాలం రానీయనేలేదు. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారిణి జూడిత్ లేస్టర్ సంగతి ఇంకా విచిత్రం. ఆ కాలపు చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ గీసినదిగా చెలామణి అయిన చిత్రంమీద, అక్షరాల పక్కన చిన్న నక్షత్రంతో ఉన్న ఆమె గుర్తును 1893లో ఒక పరిశోధకుడు గుర్తించాడు. అంతవరకూ ఆ పేరు చరిత్రలో దాదాపు లేదు.

రాయడం, మాట్లాడటం గురించి క్లుప్తంగా చెబుతాను. మ్యూజియం గోడమీద అతికించే చిన్న లేబుల్ రాయమంటే, ఇరవై పేజీల వ్యాసం రాయగలిగినవాళ్ళు కూడా చెమటలు కక్కుతారు. నిలబడి చదివేవాడికి ఓపిక ఉండదు, తప్పు రాస్తే వందలమంది చూస్తారు. సెమినార్లో బొమ్మ చూపిస్తూ పది నిమిషాలు మాట్లాడటం మొదట్లో పెద్ద టెన్షన్. చివరి ఏడాదికి అది మామూలైపోతుంది.

ఇక ఈ చదువు ఇవ్వనివి. బొమ్మలు గీయడం నేర్పదు. లెక్కలు, కోడింగ్ రావు, అవి కావాలంటే పక్కన విడిగా నేర్చుకోవాలి. చాలాచోట్ల సిలబస్ ఇప్పటికీ యూరప్ చుట్టూనే తిరుగుతుంది, మిగతా ప్రపంచమంతా ఒకటి రెండు పేపర్లలో సర్దేస్తారు. బొమ్మ చూడకుండానే సిద్ధాంతాలు వల్లించే క్లాసులూ ఉంటాయి, వాటిలో కూర్చున్నవాళ్ళకు బరువైన పదాలు తప్ప ఏమీ మిగలవు. తెరమీద చూడటంలోనూ ఒక మోసం ఉంది. మోనాలిసా ఎత్తు 77 సెంటీమీటర్లు, పికాసో 1937లో గీసిన గెర్నికా వెడల్పు దాదాపు ఏడు మీటర్ల 80 సెంటీమీటర్లు. స్లైడులో రెండూ ఒకే సైజు. రెంబ్రాంట్ గీసిన "నైట్ వాచ్" చిత్రాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 717 గిగాపిక్సెల్ ఫోటోగా 2022లో నెట్‌లో పెట్టింది, కుంచె గీతలు కూడా కనిపిస్తాయి. అద్భుతమే, కానీ దాని ముందు నిలబడితే మీ ఎత్తుకు అది ఎంతుందో ఆ ఫోటో చెప్పదు. అందుకే మ్యూజియానికి తీసుకెళ్ళని డిపార్ట్‌మెంటు మీద నాకు పెద్ద గౌరవం లేదు.

ఉద్యోగాలకొస్తే, మ్యూజియంలో క్యురేటర్ (సేకరణల బాధ్యత చూసేవారు) పోస్టులు ఎక్కడైనా తక్కువే. వాటికి పీజీ, తరచు పీహెచ్‌డీ అడుగుతారు, మొదట్లో జీతాలు చిన్నవి. జీతం లేని ఇంటర్న్‌షిప్ ఒకటి రెండు చేయాల్సి రావచ్చు, అది అందరికీ కుదిరే పని కాదు. పాత బొమ్మలు బాగుచేసే కన్జర్వేషన్ వైపు వెళ్ళాలంటే కెమిస్ట్రీ కావాలి, డిగ్రీలో ఉండగానే ఆ పేపర్లు తీసుకోండి. వేలం సంస్థలు, ఆర్కైవులు, ప్రచురణ, వారసత్వ కట్టడాల పరిరక్షణ, టీచింగ్ దగ్గరి దారులు. నా దగ్గర చదివినవాళ్ళలో లా వైపు, జర్నలిజం వైపు, డిజైన్ రీసెర్చ్ వైపు వెళ్ళినవాళ్ళూ చాలామంది ఉన్నారు. 2014లో ఒబామా, చేతివృత్తి నేర్చుకున్నవాళ్ళు ఆర్ట్ హిస్టరీ డిగ్రీవాళ్ళకన్నా ఎక్కువ సంపాదించుకోవచ్చని ఒక సభలో అని, నొచ్చుకున్న ఒక ప్రొఫెసర్‌కు తర్వాత చేత్తో క్షమాపణ చీటీ రాశాడు. ఆయన అన్న లెక్క చాలాసార్లు నిజమే, నొచ్చుకోవాల్సిన పనీ లేదు. డిగ్రీ అవగానే ఇంటికి జీతం తేవాల్సిన పరిస్థితి మీదైతే, దీన్ని ఒంటరిగా తీసుకోకండి. ఎకనామిక్స్‌తోనో కంప్యూటర్స్‌తోనో జోడీగా, లేదా మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా తీసుకోండి. అంత ఒత్తిడి లేకపోతే నిశ్చింతగా చేరండి.

చేరేముందు రెండు సంగతులు కనుక్కోండి. మొదటిది, వస్తువుల్ని దగ్గరగా చూసే క్లాసులు ఎన్ని, సొంతంగా పరిశోధన చేసి రాసే థీసిస్ ఉందా అని. సీనియర్ల సెమినార్ పేపర్ ఒకటి అడిగి చదవండి. అందులో బొమ్మ గురించి పేరాలు ఎక్కువున్నాయా, ఇతరుల మాటల ఉటంకింపులు ఎక్కువున్నాయా చూస్తే అక్కడి చదువు ఎలాంటిదో తెలిసిపోతుంది. రెండోది భాషలు. యూరప్ కళ అయితే జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్లలో ఒకటి, మొఘల్ చిత్రాలైతే పారశీకం, శిల్పాలైతే సంస్కృతమో ప్రాకృతమో, అనువాదం అక్కర్లేకుండా చదవగలిగేంత కావాలి. మూడో ఏడాదిలో మొదలుపెడితే అది థీసిస్‌కు అందదు. మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.